తవిటయ్యలు కనిపించని ఊళ్లు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఊరి ఓటర్ల జాబితా తీసినా పెద్ద వయసువాళ్లలో తవిటయ్య, తవిటమ్మ, పెంటయ్య లాంటి పేర్లు తగులుతాయి. వరసగా బిడ్డలు పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకునేవారు. లేదంటే చేటెడు తవుడుకి అమ్మి కొనుక్కున్నట్టు తంతు జరిపేవారు. తవుడు పాటి చెయ్యని బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. అదే జాబితాలో కుర్రవాళ్ల పేర్లు చూడండి, ఒక్క తవిటయ్య దొరికితే గొప్ప. జనాభా సిద్ధాంతాల్లో సగం కథ ఈ పేర్లలోనే ఉందని నాకనిపిస్తుంది.

1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో దాదాపు 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. అంతకుముందు తరాల సంగతి ఇంకా ఘోరం. ముసలితనంలో ఇద్దరు కొడుకులు పక్కన ఉండాలంటే ఆరుగురిని కనాల్సిందే. కాన్పులూ ఎక్కువే, చావులూ ఎక్కువే కాబట్టి మొత్తం లెక్క పెద్దగా కదిలేది కాదు. 1911లో 25.2 కోట్లున్న దేశ జనాభా 1921 నాటికి 25.1 కోట్లకు దిగింది. మధ్యలో 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. ఆ తర్వాత ఏ జనగణనలోనూ మన లెక్క తగ్గలేదు.

ఇంగ్లండులో మతబోధకుడిగా ఉన్న థామస్ మాల్థస్ 1798లో ఒక పుస్తకం రాశాడు, మొదట తన పేరు కూడా వేసుకోకుండా. జనం గుణశ్రేఢిలో, అంటే 2, 4, 8, 16గా పెరుగుతారనీ, తిండి అంకశ్రేఢిలో 1, 2, 3, 4గానే పెరుగుతుందనీ, ఆ తేడాను కరువులు, రోగాలు, యుద్ధాలు సరిచేస్తాయనీ అతని వాదన. 1805 నుంచి అతను ఈస్టిండియా కంపెనీ వాళ్ల కాలేజీలో పాఠాలు చెప్పాడు. మనల్ని ఏలడానికి వచ్చే కుర్ర అధికారులే అక్కడి విద్యార్థులు. రాయలసీమను పీల్చి పిప్పి చేసిన ధాత కరువు 1876లో మొదలైనప్పుడు కూడా రేవుల్లోంచి ధాన్యం ఎగుమతవుతూనే ఉంది. సహాయ పనుల్లో రోజంతా కష్టపడిన మనిషికి ఒక పౌను, అంటే 450 గ్రాముల గింజలకు సరిపడా కూలి, పైన కాస్త చిల్లర ఇస్తే చాలన్నారు అధికారులు. సిద్ధాంతం కాగితం మీదే ఉండిపోదు, కూలి రేటై కూడా దిగుతుంది.

తర్వాతి కాలం మాల్థస్ అనుకున్నట్టు నడవలేదు. 1960ల చివర్లో ఐఆర్-8 వరి గోదావరి జిల్లాల్లో అడుగుపెట్టాక దిగుబడి ఎలా ఎగబాకిందో అక్కడి పాత రైతులు ఇప్పటికీ చెబుతారు. అంతకంటే పెద్ద పొరపాటు మనుషుల గురించి. కడుపు నిండితే ఇంకా కంటారని అతను భయపడ్డాడు. ఐరోపాలో జరిగింది దానికి ఎదురు.

ఆ లెక్కలు చూసే 1929లో అమెరికాకు చెందిన వారెన్ థాంప్సన్, 1945లో ఫ్రాంక్ నోట్‌స్టీన్ జనాభా పరివర్తన అనే మాటకు రూపమిచ్చారు. టీకాలు, మంచినీళ్లు, మందులు వచ్చి ముందు చావులు తగ్గుతాయి. కాన్పులు తగ్గడానికి ఒకటి రెండు తరాలు పడుతుంది, ఎందుకంటే బిడ్డ బతుకుతాడన్న ధైర్యం తల్లికి అంత తొందరగా రాదు. చావులు తగ్గి కాన్పులింకా తగ్గని ఆ నడిమి కాలంలోనే జనం బుసబుసా పొంగుతారు. 1951లో 36 కోట్లున్న మనం 2011కి 121 కోట్లయ్యాం. మనవాళ్లేమీ కొత్తగా ఎక్కువ కనడం మొదలుపెట్టలేదు. పుట్టినవాళ్లు బతకసాగారు, అంతే.

మరి కాన్పులెందుకు తగ్గుతాయి? ఆస్ట్రేలియాకు చెందిన జాన్ కాల్డ్‌వెల్ చెప్పిన కారణం నాకు బాగా నచ్చుతుంది. సంపద ఇంట్లో ఎటు పారుతోందో చూడమన్నాడు. ఎనిమిదేళ్లకే గేదెలు కాసి, పదేళ్లకు కలుపు తీసి, పెద్దయ్యాక అమ్మానాన్నలను చూసుకునే పిల్లాడు ఇంటికి రాబడి. అదే పిల్లాడికి కాన్వెంటు ఫీజు, స్కూలు వ్యాను, ట్యూషను మొదలయ్యాయనుకోండి, డబ్బు పెద్దల నుంచి కిందికి పారుతుంది. నారు పోసినవాడు నీరు పోయడా అన్న ధీమా టర్మ్ ఫీజు కట్టే రోజున పనిచెయ్యదు.

1974లో బుకారెస్టులో జరిగిన ప్రపంచ జనాభా సదస్సులో మన ప్రతినిధి కరణ్ సింగ్ అభివృద్ధే అన్నిటికంటే మంచి గర్భనిరోధకమని అన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే ఎమర్జెన్సీలో అదే ప్రభుత్వం మగవాళ్లను పట్టుకెళ్లి కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లు చేయించింది.

కరణ్ సింగ్ మాట ప్రకారం చదువు, ఆదాయం పెరిగాకే కాన్పులు తగ్గాలి. కేరళలో చదువు మటుకు అలాగే ముందు పెరిగింది. 1991లో అక్కడ ఆడవాళ్ల అక్షరాస్యత 86 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు 33 శాతమే. అయినా 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సగటున ఒక మహిళకు పిల్లలు మన దగ్గర 1.8, కేరళలో 1.9. పరిశోధకులు తలలు పట్టుకున్నారు. కిలో రెండు రూపాయల బియ్యం వల్ల అన్నారు, డ్వాక్రా సంఘాలన్నారు, టీవీ అన్నారు. అన్నిట్లో కొంత నిజం ఉండొచ్చు. నా మటుకు నాకు ప్రధాన కారణం కు.ని. ఆపరేషనే. పదహారు పదిహేడేళ్లకు పెళ్లి, ఇరవై దాటేసరికి ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోనే ఆపరేషన్, చాలామందికి పాతికేళ్లు కూడా నిండకుండా. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల వాటా లేనట్టే. మాత్రలు, లూప్ లాంటివి పేరుకే. చిన్న వయసు పెళ్లిళ్లు ఇంకా ఆగలేదు, కాన్పులు మాత్రం తగ్గాయి. దీన్ని అభివృద్ధి అనాలంటే నాకు నోరు రాదు, కాదనాలన్నా రాదు.

ఒక తరం తన స్థానాన్ని తాను నింపుకోవాలంటే మహిళకు సగటున 2.1 కావాలి. 2019-21 సర్వే నాటికే ఆంధ్రప్రదేశ్ 1.7 దగ్గరుంది. అయినా రేపే జనం తగ్గరు. కాన్పులు ఎక్కువగా ఉన్న రోజుల్లో పుట్టిన పెద్ద గుంపు ఇంకా పిల్లల్ని కనే వయసులో ఉంది, బ్రేకు వేసినా బండి కొంతదూరం పోతుంది. ఆ తర్వాత ముసలివాళ్లు ఎక్కువ, పనిచేసే చేతులు తక్కువ. జపాన్ సంపన్న దేశమయ్యాక ముసలిదైంది. మనకు ఆ వరస తిరగబడేలా ఉంది.

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో చేసిన చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. ఎక్కువమందిని కనండని ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు. ఇరవై రెండేళ్లకే ఆపరేషన్ చేయించుకున్న మా పిన్నికి ఈ వార్త చదివి వినిపించాను. చిక్కుడుకాయలు తుంచుతూ, తల ఎత్తకుండానే అడిగింది: "ఫీజులు కూడా వాళ్లే కడతారంటనా?"