పట్టికలో సున్నాలు పోవడం: అపోహలు - వాస్తవాలు

బరంపురం పరిసరాల్లోని సంఘాలకు, చిన్న సంస్థలకు లెక్కల పట్టికలు సరిచేసి ఇచ్చే పనిలో నాకు పదే పదే ఎదురయ్యే మాట ఒకటి ఉంది: "ఖాతా నంబర్లలో సున్నాలు మాయమయ్యాయి, వైరసేమో చూడండి." వైరస్ కాదు, సర్వర్ తినేయడమూ కాదు. ఈ పుకారు పట్టుకుని కంప్యూటరు ఫార్మాట్ చేయించుకున్న వారు కూడా ఉన్నారు.

అపోహ: షీటులో కనబడేదే దాన్ని చదివే కోడ్‌కు (ప్రోగ్రాముకు) అందుతుంది, తేడా వస్తే తరువాత సరిచేసుకోవచ్చు.

వాస్తవం: సీఎస్‌వీ ఫైలులో (కామాలతో విడదీసిన సాదా పట్టికలో) ఉండేవి అక్షరాలు మాత్రమే, ఏ కాలమ్ సంఖ్య, ఏది స్ట్రింగ్ (అక్షరాల వరుస) అన్న సమాచారం అందులో ఉండదు. మనం ఏమీ చెప్పకుండా కోడ్ రాసి నడిపే నోట్‌బుక్‌లో పాండాస్‌తో (పైథాన్ భాషలో పట్టికలు చదివే సాధనంతో) చదివిస్తే అది విలువలను చూసి రకాన్ని ఊహించుకుంటుంది కనుక, బరంపురం ఎస్‌టీడీ కోడ్ 0680 కాస్తా 680 అవుతుంది. ఆ కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా మొత్తం ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) మారి 680.0 అవుతుంది. ఆ తరువాత స్ట్రింగ్‌గా మార్చినా చేతికి వచ్చేది "680.0" మాత్రమే.

ముందు సున్నాలు చేరిస్తే సరిపోదా అంటారు. అన్నిటి పొడవూ ఒకటే అయితే సరిపోతుంది. బరంపురం 0680, శ్రీకాకుళం 08942 ఒకే కాలమ్‌లో ఉంటే ఎన్ని అంకెలకు నింపుతారు? బ్యాంకు ఖాతాల పొడవు కూడా బ్యాంకును బట్టి మారుతుంది. పైగా ఫ్లోట్ 9007199254740992 వరకే ప్రతి పూర్ణాంకాన్నీ కచ్చితంగా దాచగలదు. 17 అంకెల ఖాతాల మధ్య ఒక గడి ఖాళీగా ఉంటే చివరి అంకె చడీచప్పుడు లేకుండా మారిపోవచ్చు.

ఆ మధ్య ఒక నేత సంఘంలో మజూరీ చెల్లింపులు కొన్ని తిరిగి వచ్చినప్పుడు నింద ముసలి గుమస్తా గారి మీద పడింది. "బాబూ, పాస్‌బుక్కులు ఎదురుగా పెట్టుకునే ఎక్కించాను" అని ఆయన వణికిపోయారు. ఆయన ఎక్కించిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సున్నాలన్నీ ఉన్నాయి. వాటిని పోగొట్టినది ఆ ఫైలును చదివిన కోడ్‌లోని మొదటి వరుస.

కాబట్టి చదివే వరుసలోనే డీటైప్‌ను (కాలమ్ రకాన్ని) స్ట్రింగ్ అని చెప్పాలి. ఒక్కొక్క కాలమ్ పేరు పెట్టి చెప్పడం కన్నా మొత్తం పట్టికను స్ట్రింగ్‌గా చదివి, కూడికలు చేయవలసిన కాలమ్‌లను మాత్రమే తరువాత సంఖ్యలుగా మార్చడం మేలని నా అభిప్రాయం; ఎందుకంటే కాలమ్ శీర్షిక చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి ఉంటే పేరు కలవక మీ ఆదేశం పనిచేయదు.

అపోహ: కొటేషన్ గుర్తుల మధ్య పెడితే సంఖ్య స్ట్రింగ్‌గానే ఉంటుంది. ఉండదు, పాండాస్ ఆ గుర్తులను తీసేసిన తరువాతే రకాన్ని ఊహిస్తుంది. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరిచి సేవ్ చేస్తే సున్నాలు ఫైలులోనే పోతాయి, పెద్ద సంఖ్యల్లో 15వ అంకె తరువాతి అంకెలు సున్నాలుగా మారతాయి. అప్పుడు ఏ కోడూ వాటిని తిరిగి తేలేదు.

తేదీల విషయం తేలిక: 03/04/2024 ను మార్చి 4 అనుకోకుండా ఉండాలంటే ఫార్మాట్‌ను మీరే ఇవ్వండి. ఇంటి పేరు పొడి అక్షరాల కాలమ్‌లో ఎవరికైనా "ఎన్ఏ" అని ఇంగ్లీషు అక్షరాలలో ఉంటే, డీటైప్ ఇచ్చినా సరే, పాండాస్ దాన్ని ఖాళీ గడిగా తీసుకుంటుంది. ఆ డిఫాల్ట్‌ను విడిగా ఆపాలి.