మూడు వేళ్ల ఉప్పు, గుప్పెడు బెల్లం

పిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ముందు చేసే పని నీళ్లు ఆపేయడం. "తాగిందల్లా పోతోంది, కాసేపు కడుపు ఖాళీగా ఉంచమ్మా" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కళ్ల ముందు జరుగుతున్నదీ అదే కదా: పైన గ్లాసుడు పోస్తే కింద గ్లాసుడు పోతుంది. దీన్ని చదువు రానివాళ్ల మూఢనమ్మకం అని తోసేయడానికి లేదు. ఇరవయ్యో శతాబ్దం సగం దాటాక కూడా పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో డాక్టర్లు పేగుకి విశ్రాంతి ఇవ్వాలనే చెప్పేవారు. వాళ్లదీ పెద్దవాళ్లదీ ఒకటే పొరపాటు. విరేచనాల్లో చాలాసార్లు ప్రాణం తీసేది ఒంట్లో నీరూ ఉప్పూ ఇంకిపోవడం. ఆ లోటును నోటితోనే పూడ్చే ఓఆర్ఎస్, అంటే ఉప్పూ చక్కెరా పాళ్లు కుదిర్చి కలిపిన నీళ్లు, ఎలా పుట్టిందో, ఇళ్లకు ఎలా చేరిందో చెప్పే కథ ఇది.

కలరాలో ఇది భయంకరమైన వేగంతో జరుగుతుంది. రోగి గంటకు లీటరు దాకా పోగొట్టుకోవచ్చు. బయటికొచ్చేది మలంలా ఉండదు, బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది. ప్రపంచమంతా వైద్య పుస్తకాలు వాడే పోలిక కూడా అదే. కళ్లు లోతుకు పోతాయి. పొట్ట మీద చర్మం పట్టి లాగి వదిలితే ముడత అలాగే నిలబడిపోతుంది. నాడి అందదు. పొద్దున తిరిగిన మనిషి సాయంత్రానికి ఉండకపోవచ్చు. పోయిన నీటిని నరంలోకి నేరుగా ఎక్కించవచ్చని స్కాట్లాండ్‌లో థామస్ లాట్టా అనే డాక్టర్ 1832లోనే చేసి చూపించాడు. కానీ సెలైన్‌కి శుభ్రమైన సీసా కావాలి, సూది కావాలి, నరం పట్టుకోగల చెయ్యి కావాలి. కలరా ఎక్కువగా వచ్చే చోట ఈ మూడూ దొరకవు.

పేగులో అసలేం జరుగుతోందో తెలియడానికి కలకత్తాలో శంభునాథ్ డే అనే డాక్టర్ చేసిన పని చాలా ముఖ్యం. 1959లో ఆయన కలరా క్రిములను పెంచిన ద్రవాన్ని వడగట్టి, క్రిమి అన్నది లేకుండా చేసి, కుందేలు పేగులో ముడి వేసిన భాగంలోకి ఎక్కించాడు. క్రిమి లేకపోయినా పేగు నీళ్లతో ఉబ్బింది. అంటే పని చేస్తున్నది క్రిమి వదిలే విషం. ఆ విషం పేగు గోడను కొరికేయదు. గోడ కణాల్లో ఉప్పు బయటికి పోయే గుమ్మాన్ని తెరిచి, మూసుకోనివ్వకుండా చేస్తుంది. ఉప్పు పోతుంటే దాని వెంట నీరు పోతుంది. నాకు ఇందులో గొప్పగా అనిపించే సంగతి, గోడ చెక్కుచెదరకుండా ఉండటం. బయటికి పోయే గుమ్మం పాడైందే గానీ, లోపలికి తీసుకునే గుమ్మం బాగానే ఉందన్నమాట.

ఆ రెండో గుమ్మం ఎలా పనిచేస్తుందో 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ జంటగా వస్తేనే అది లోపలికి తీసుకుంటుంది. ఒంటరిగా ఏది వచ్చినా ఆ తలుపు తెరుచుకోదు. జంటగా వెళ్లినప్పుడు వాటి వెనకే నీరూ వెళుతుంది. కలరా రోగికి వట్టి ఉప్పునీళ్లు ఇస్తే నిలవకపోవడం, వట్టి పంచదార నీళ్లు సరిపోకపోవడం ఇందువల్లే. రెండూ కలిపి ఇస్తే, విరేచనాలు అవుతూనే ఉన్నా, ఒంట్లోకి నీరు చేరుతుంది.

అయితే పాళ్లు కుదరాలి. నిమ్మకాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట ఊరుతుంది కదా, పేగులోనూ అంతే. లోపలికి పోసిన ద్రావణం ఒంట్లోని రక్తం కంటే చిక్కగా ఉంటే అది నీటిని ఇవ్వకపోగా ఒంట్లోంచే లాగుతుంది. అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ ఫిలిప్స్ అరవైల మొదట్లో మనీలాలో మరీ చిక్కటి ద్రావణంతో ప్రయోగం చేసినప్పుడు కొందరు రోగులు చనిపోయారు. ఆ దెబ్బతో ఆ ఆలోచనే కొన్నేళ్లు వెనకబడింది. అంతకు చాలా ముందే, 1953లో, కలకత్తాలో హేమేంద్రనాథ్ చటర్జీ తక్కువ తీవ్రత ఉన్న రోగులకు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించి నయం చేశానని రాశాడు. మన పెరట్లో పెరిగే వామాకు రసం కూడా వాడాడాయన. పోల్చి చూడటానికి మరో రోగుల జట్టు లేకపోవడంతో ఆ వ్యాసాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

1968లో ఢాకా కలరా పరిశోధనశాలలో లెక్క తేలింది. డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ ఇంకా ముప్పై నిండని అమెరికన్ డాక్టర్లు. వాళ్లతో రఫీకుల్ ఇస్లాం, మజీద్ మొల్లా పనిచేశారు. కలరా మంచానికి నడుమ రంధ్రం ఉంటుంది, కింద బకెట్ ఉంటుంది. వాళ్లు చేసింది చెబితే ఇంతేనా అనిపిస్తుంది: బకెట్‌లో ఎంత పడిందో కొలవడం, అంతే పరిమాణంలో ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు రోగితో తాగించడం. ఆ కొలత వల్లే సెలైన్ అవసరం దాదాపు 80 శాతం తగ్గిపోయింది.

మూడేళ్లకు అసలు పరీక్ష వచ్చింది. 1971 యుద్ధంలో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది సరిహద్దు దాటి భారత్‌కి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేల మీద ఇసుక వేస్తే రాలనంతగా పడి ఉన్నారు. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. అక్కడున్న డాక్టర్ దిలీప్ మహాలనబిస్‌కి మిగిలిన దారి ఒక్కటే. కలకత్తాలో ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ తూకం వేయించి పాలిథిన్ సంచుల్లో కట్టించాడు. బనగావ్‌లో వాటిని డ్రమ్ముల్లో నీటిలో కలిపారు. డ్రమ్ముకి కుళాయి ఉంది. రోగి వెంట వచ్చిన తల్లో తమ్ముడో కప్పుతో పట్టుకెళ్లి తాగించేవారు. తాగించడానికి నర్సు అక్కర్లేదని ఆ కప్పులే చూపించాయి. ఆ ద్రావణం తాగిన శిబిరంలో మరణాలు 3.6 శాతానికి దిగాయి. అంతకుముందు 30 శాతం దాకా చనిపోతుండేవారు. లీటరుకి సరుకు ఖర్చు 11 పైసలు. మహాలనబిస్ 2022లో కన్నుమూశాక, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. అంత ఆలస్యం ఎందుకైందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటాం. వైద్యం దొరికింది, చవక, తేలిక. కానీ అది పల్లెలో ఒక తల్లి చేతిలోకి వెళ్లేదెలా? ఈ ప్రశ్నకు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ వెతికిన జవాబు, నా దృష్టిలో, ప్రాగ్‌లో చెప్పిన విషయానికి ఏమాత్రం తీసిపోదు. ప్యాకెట్లు అన్ని ఊళ్లకూ పంపడం ఆ రోజుల్లో కుదిరే పని కాదు. అందుకని ప్రతి ఇంట్లో ఉండే సరుకుతో పాళ్లు కుదిర్చారు: మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు (అర లీటరుకి కాస్త తక్కువ) నీళ్లు. బెల్లంలో పొటాషియం కూడా ఉంటుంది, విరేచనాల్లో పోయేవాటిలో అదీ ఒకటి. 1980 నుంచి పదేళ్ల పాటు మహిళా కార్యకర్తలు గడప గడపకూ తిరిగి కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లలో తల్లులకు నేర్పారు.

ఈ కార్యకర్తలకు బ్రాక్ జీతం ఇచ్చిన పద్ధతి గమనించండి. కార్యకర్త వెళ్లిపోయిన కొన్నాళ్లకు మరొకరు వచ్చి, ఏవో కొన్ని ఇళ్లు ఎంచుకుని తలుపు కొట్టేవారు. "అమ్మా, నేర్పింది చెప్పు, ఒకసారి కలిపి చూపించు" అనేవారు. తల్లి కలిపిన నీళ్లలో ఉప్పు ఎంతుందో పరీక్షించేవారు. తల్లికి ఎంత గుర్తుంటే, ఎంత సరిగ్గా కలిపితే, నేర్పినవారికి అంత జీతం. ఎన్ని ఇళ్లు తిరిగారన్న లెక్క చూడలేదు.

అయినా మొదట్లో ఒక వింత ఎదురైంది. తల్లులు చక్కగా కలపగలుగుతున్నారు గానీ, బిడ్డకు విరేచనాలైనప్పుడు ఇవ్వడం లేదు. కారణం వెతుక్కుంటూ పోతే, నేర్పే కార్యకర్తలకే దాని మీద గురి లేదని తేలింది. తమకు విరేచనాలైతే వాళ్లు మాత్రలే మింగుతున్నారు. నమ్మని మనిషి చెప్పే మాట ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. దాంతో వాళ్లకు ఆ నీళ్లు ఒంట్లో ఎలా పనిచేస్తాయో విడమరిచి చెప్పారు. ఇంకో కారణం, మగవాళ్లని వదిలేయడం. మందుకి డబ్బు ఇచ్చేది, డాక్టర్ని పిలిచేది వాళ్లే. అప్పటి నుంచి సంతల్లో, మసీదుల దగ్గర వాళ్లతోనూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఇవాళ ఓఆర్ఎస్ బాగా ఎక్కువగా వాడే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి.

మరి మన దగ్గర? తెలుగు పల్లెల్లో "నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెట్టండి డాక్టరుగారూ" అన్న మాట విననివాళ్లుండరు. నరానికి ఎక్కితేనే వైద్యం, తాగేది ఉత్త నీళ్లు అన్న భావన గట్టిగా నాటుకుపోయింది. కర్ణాటక, బీహార్‌లలోని 253 పట్టణాల్లో, రెండు వేలకు పైగా ప్రైవేటు వైద్యుల దగ్గర చేసిన ఒక అధ్యయనం 2024లో వెలువడింది. విరేచనాలైన బిడ్డ తండ్రిలా నటించే మనుషులను వాళ్ల దగ్గరికి పంపారు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఫొటో ఫోన్‌లో చూపించి ఇలాంటిది ఇవ్వవచ్చా అని అడిగినప్పుడు, అది రాసిన వైద్యులు దాదాపు రెట్టింపయ్యారు. అంటే వాళ్లలో చాలామందికి తెలియక కాదు. రాయకపోవడానికి ఒక పెద్ద కారణం, వచ్చినవాళ్లకు అది ఇష్టం ఉండదని వాళ్లు ఊహించుకోవడం. మనం నోరు తెరిచి అడిగితే చాలు.

అడిగాక దుకాణంలో ఏం ఇస్తున్నారో కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న పాళ్లలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఏళ్ల తరబడి ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని మందుల షాపుల్లో అమ్ముడైన కొన్ని తియ్యటి పానీయాల్లో చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ. జాడీలో ఊట గుర్తుందిగా, విరేచనాల బిడ్డకు అవి చేసే పని అదే. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్లపాటు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది.

ఆమధ్య మా పక్కింట్లో రెండేళ్ల పాపకు విరేచనాలైతే చూడటానికి వెళ్లాను. లీటరు ప్యాకెట్‌లో సగం గ్లాసులో వంపి, మిగతాది రాత్రికని పిన్నీసు పెట్టి ఉంచారు. పాప ఒక గుక్క తాగి మొహం తిప్పేసింది. ఉప్పు మండిపోతుంటే ఎలా తాగుతుంది? ఆ గ్లాసు పారబోసి, కొత్త ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపాం. కలిపినది ఒక్క రోజే వాడాలి, మిగిలితే పారేయాలి. పాప కక్కింది. పది నిమిషాలు ఆగి, ఈసారి చెంచాతో, నిదానంగా మొదలుపెట్టాం. జింక్ మందు పద్నాలుగు రోజులు మానకుండా వేయాలని, అన్నం, తల్లిపాలు ఆపొద్దని, పాప తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం పడినా, ఒంటేలు ఆగిపోయినా ఇంట్లో ఉంచొద్దని చెప్పాను. సాయంత్రానికి ఒంటేలు పోసింది. ఆ ఇంటి కోడలు నీళ్ల సీసా మీద లీటరు దగ్గర ఎర్రటి గోళ్ల రంగుతో గీత గీసి, వంటింటి అరలో ఉప్పు డబ్బా పక్కన పెట్టింది.