ఫిర్యాదు పత్రికకు, విచారణ మరొకరికి

ఒక పరిశోధన పత్రంలోని అంకెలు కల్పితమని ఫిర్యాదు అందితే దాన్ని అచ్చువేసిన శాస్త్ర పత్రిక సంపాదకులు ముందుగా రచయితనే వివరణ అడుగుతారు. జవాబు తృప్తికరంగా లేకపోతే ఆయన పనిచేసే సంస్థకు లేఖ రాసి ఎదురుచూస్తారు. ఆ నిరీక్షణ ఏళ్లకు పాకడం మామూలే. ప్రయోగశాల రికార్డులు తెప్పించే అధికారం సంపాదకులకు లేదు. అది ఉన్న సంస్థకేమో తన పరువు, తన నిధుల బెంగ.

1665లో తొలి శాస్త్ర పత్రికల్లో ఒకటైన ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ మొదలైన నాటి నుంచి పత్రికలు రచయితల నిజాయతీని నమ్మే నడిచాయి. అచ్చుకు ముందు పత్రాన్ని చదివే సమీక్షకులు వాదనలో లొసుగులు వెతుకుతారు తప్ప, రోగులు అసలు ఉన్నారా అని ఆరా తీయరు. 1974లో న్యూయార్క్‌లోని స్లోన్-కెటరింగ్ సంస్థలో విలియం సమ్మర్లిన్ ఎలుకల చర్మానికి పెన్నుతో నల్లరంగు పూసి, అతికించిన చర్మం నిలిచిందని చూపబోయి దొరికిపోయారు. 1981లో అమెరికా కాంగ్రెస్‌లో ఇలాంటి మోసాలపై విచారణ జరిగింది. పత్రికల వైపు నుంచి కదలిక రావడానికి 1997 పట్టింది. బ్రిటన్‌లో కొందరు వైద్యపత్రికల సంపాదకులు ‘కోప్’ అనే ప్రచురణ నైతికత కమిటీని ఏర్పాటు చేసుకున్నారు. పైన చెప్పిన క్రమం ఆ కమిటీ మార్గదర్శకాలదే. అది సలహా చెప్పగలదు, శిక్షించలేదు.

ఆ లోటు ఎంత ఖరీదైనదో జపాన్ మత్తువైద్యుడు యోషితాకా ఫుజీ ఉదంతం చూపుతుంది. శస్త్రచికిత్స తర్వాతి వాంతులను ఆపే మందుపై ఆయన గుట్టలుగా పత్రాలు రాశారు. 2000లో ముగ్గురు పరిశోధకులు ‘అనస్థీషియా అండ్ అనల్జీసియా’ పత్రికకు లేఖ రాశారు. రోగుల ఏ బృందంలో చూసినా తలనొప్పి వచ్చినవారి సంఖ్య ఒకేలా ఉందని, అంకెలు నమ్మశక్యం కానంత చక్కగా కుదిరాయని అందులో ఎత్తిచూపారు. పత్రిక ఆ లేఖనూ, ఫుజీ జవాబునూ పక్కపక్కనే అచ్చువేసి ఊరుకుంది. ఇది నిష్పాక్షికత అనిపించవచ్చు గానీ, నా దృష్టిలో తప్పించుకోవడమే. ఆ తర్వాత కూడా ఆయన పత్రాలను అచ్చువేస్తూనే వచ్చింది.

2012లో బ్రిటిష్ వైద్యుడు జాన్ కార్లైల్ ఆయన ప్రయోగాల అంకెలను గణాంకపరంగా విశ్లేషించి, అవి సహజంగా వచ్చే అవకాశం దాదాపు లేదని తేల్చారు. 23 పత్రికల సంపాదకులు కలిసికట్టుగా ఫుజీ పనిచేసిన సంస్థలను నిలదీశారు. జపాన్ మత్తువైద్యుల సంఘం 212 పత్రాలను పరిశీలించి 172 కల్పితమని ప్రకటించింది. మొదటి లేఖకూ దీనికీ మధ్య 12 ఏళ్లు.

అదే ఏడాది వచ్చిన ‘పబ్‌పీర్’ అనే ఇంటర్నెట్ వేదిక, పేరు చెప్పకుండానే అచ్చైన పత్రాల్లోని లోపాలు ఎత్తిచూపే వీలు కల్పించింది. ఆకాశరామన్న ఉత్తరమని పక్కన పెట్టేయడం సంపాదకులకు కష్టమైంది. 2016లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎలిజబెత్ బిక్ బృందం 20,621 పత్రాలను పరీక్షిస్తే 3.8 శాతంలో అనుమానాస్పద చిత్రాలు కనిపించాయి. ఇన్ని ఫిర్యాదులకు సంస్థల జవాబు కోసం వేచి ఉండటం సాధ్యమయ్యే పని కాదు.

అందుకే కొందరు అచ్చుకు ముందే జాగ్రత్తపడుతున్నారు. ‘అనస్థీషియా’ పత్రికకు సంపాదకుడిగా కార్లైల్ ఒక్కో రోగి వివరాలున్న మూల పట్టికలను అడగసాగారు. పట్టికలు అందిన 153 ప్రయోగాల్లో 44 శాతంలో తప్పుడు అంకెలు బయటపడ్డాయి. పట్టికలు లేకుండా పరిశీలించిన 373లో అలా పట్టుబడినవి 2 శాతమే.