బకెట్ తోట: ఏ మిద్దె ఎక్కినా నాకు వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

తిరుపతి కొర్లగుంటలో మా మిద్దె మీద పదేళ్లుగా పెయింట్ బకెట్లలోనే కూరగాయలు పండిస్తున్నాను. ఇప్పుడు అడిగినవాళ్ల ఇళ్లకు వెళ్లి తోట వేసి కూడా ఇస్తున్నాను. ఎక్కడికి పోయినా అవే మాటలు. వాటిని నమ్మి, ఆశగా పెంచుకున్న చెట్లు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. నేలలో అయితే నీళ్లు చాలకపోతే వేరు లోతుకు పోయి వెతుక్కుంటుంది, ఎక్కువైతే నీళ్లే ఇంకిపోతాయి. బకెట్‌లో వేరు ఎక్కడికీ పోలేదు. ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్లే ఇక్కడ చెప్పే తప్పుల్లో చాలావరకు జరుగుతాయి.

అపోహ: అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా దిగుతాయి.

మొదట్లో నేనూ పోశాను. 2021 నవంబరులో తిరుపతిని ముంచేసిన వానలు తెరిపిచ్చాక, వడలిపోయిన వంకాయ చెట్టును బకెట్‌తో సహా బోర్లించి చూశాను. అడుగున మూడంగుళాల రాళ్లు. వాటి పైనున్న మట్టిని పిడికిట్లో పిండితే నీళ్లు కారుతున్నాయి, పులిసిన వాసన. వేరును పట్టుకుని లాగితే పైతోలు ఊడొచ్చి, లోపల దారంలాంటి నార మిగిలింది. సన్నమట్టిలో ఉన్న నీళ్లు, ఆ మట్టి అడుగుభాగం పూర్తిగా నానేదాకా, రాళ్ల మధ్య పెద్ద సందుల్లోకి దిగవు. అంటే రాళ్లు పోస్తే ఆ ముద్ద తడి వేర్లకు ఇంకా దగ్గరికి జరుగుతుంది. పైగా మూడంగుళాల మట్టి తగ్గిపోతుంది. రాళ్లు వద్దు. అడుగున చిటికెనవేలు దూరేంత రంధ్రాలు ఐదారు, అంగుళం పైన పక్కల్లో ఇంకో మూడు పెట్టి, మట్టి జారకుండా కాస్త కొబ్బరిపీచు పరిస్తే చాలు. బకెట్‌ను ఇటుకల మీద పెట్టండి. నేలకు ఆనిస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. ఇటుకలుంటే కింద గాలి ఆడి స్లాబు ఆరుతుంది కాబట్టి మిద్దె కారుతుందన్న టెన్షన్ కూడా తగ్గుతుంది.

అపోహ: పొలం నుంచి మంచి ఎర్రమట్టి తెచ్చి నింపితే సరిపోతుంది.

మన ఎర్రమట్టి బకెట్‌లో నాలుగు తడులకే గట్టిపడిపోతుంది. ఇరవై లీటర్ల బకెట్ నిండా అదే నింపి తడిపితే బరువు కూడా ముప్ఫై కిలోలు దాటుతుంది. నేను ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండుసార్లు కడిగిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) సమానంగా కలిపి, బకెట్‌కు రెండు గుప్పిళ్ల వేపపిండి వేస్తాను. కోకోపీట్‌ను కడగకపోతే అందులోని ఉప్పు మొక్కకు తగులుతుంది. పచ్చిపేడ మాత్రం వేయకండి, అది మాగేటప్పుడు పుట్టే వేడికి లేత వేర్లు మాడిపోతాయి.

అపోహ: ఆకులు వాలిపోతే వెంటనే నీళ్లు పోయాలి.

రోహిణి కార్తె ఎండకు మధ్యాహ్నం రెండింటికి తడి ఉన్న చెట్టు కూడా ఆకులు వాల్చేస్తుంది. ఆకులు నీటిని ఆవిరిగా వదిలేంత వేగంగా వేర్లు నీళ్లు తోడలేవు. చల్లబడ్డాక చూడండి, సాయంత్రానికి లేచి నిలబడితే దానికి దాహం లేదన్నట్టే. అనుమానముంటే వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి, లోపల పొడిగా ఉంటేనే నీళ్లు. నల్ల బకెట్లు ఎండకు కాగి వేర్లను ఉడికిస్తాయి కాబట్టి చుట్టూ గోనెపట్ట కట్టండి. పురుగుమందులు, యాసిడ్ పోసిన డబ్బాలు ఎంత కడిగినా కూరగాయలకు వాడొద్దు.

అపోహ: టమోటా అడుగు నల్లబడితే గుడ్డు పెంకులు వేయాలి.

లోపం కాల్షియందే, కానీ చాలాసార్లు మట్టిలో అది ఉండనే ఉంటుంది. నీళ్లతో పాటే కాయకు చేరాలి. రెండు రోజులు ఎండగట్టి మూడో రోజు ముంచేస్తే ఆ దారి తెగిపోతుంది. పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, అప్పటికి కాపే అయిపోతుంది. రోజూ ఒకే వేళకు మట్టి చూసి, పోసినప్పుడల్లా ఒకే కొలతగా నీళ్లు పోయండి.

టమోటా గురించే ఇంకోటి. "అక్కా, మదనపల్లిలో ఎండాకాలంలో లారీలకు లారీలు కాస్తాయి కదా, మా మిద్దె మీద పూతంతా రాలిపోతుందేం?" అని అడుగుతారు. మదనపల్లి సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 200 మీటర్లు కూడా లేదు. ఇక్కడ మే నెలలో రాత్రిపూట కూడా వేడి దిగదు, పుప్పొడి చెడిపోయి పూత రాలుతుంది. మందులు కొట్టి దీన్ని పూర్తిగా ఆపడం కష్టం. ఆగస్టు, సెప్టెంబరులో నారు పోస్తే చలికాలానికి చక్కగా కాస్తుంది. ఎండాకాలం బెండ, గోరుచిక్కుడు, నీడ వల కింద సిర్రాకు (తోటకూర రకం) వేసుకోండి.

అపోహ: బీరతీగకు పువ్వులుండి కాయలు లేవంటే ఎరువు చాలలేదు.

ముందుగా పూసేవన్నీ మగపూలే, కంగారు పడకండి. తర్వాత ఆడపూలు వస్తాయి, పువ్వు వెనకే వేలి కణుపంత పిందె ఉంటుంది. మూడో అంతస్తు మీదికి తేనెటీగలు సరిగ్గా రాకపోతే ఆ పిందె పసుపుబారి రాలిపోతుంది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అప్పుడే ఒక మగపువ్వు కోసి, రేకలు తుంచి, పసుపు పొడి ఉన్న మధ్య భాగాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. ఆ ఆడపువ్వు కాడకు గుర్తుగా దారం ముక్క కట్టి పెట్టుకోండి. నాలుగైదు రోజుల్లో పిందె ఆకుపచ్చగా సాగుతుంటే నిలిచినట్టే.