గ్యాసే అయ్యుంటుందిలే

రాత్రి రెండు గంటలు. ఛాతీ మీద ఎవరో బరువు పెట్టినట్టుంది. ఎడమ చెయ్యి లాగుతోంది, చెమటలు పడుతున్నాయి. ఆ మనిషి లేచి గ్యాస్ మాత్ర వేసుకుని హాల్లో అటూ ఇటూ నడుస్తాడు. తగ్గకపోతే ఇంకోటి వేసుకుంటాడు. భార్య లేచి "ఏమైందండీ?" అంటే, "ఏం లేదు, తిన్నది అరగలేదు, నువ్వు పడుకో" అంటాడు. ఇవే లక్షణాలు పక్కింటాయనకు వస్తే అంబులెన్సుకు ముందు ఫోన్ చేసేది ఈయనే.

అంటే గుండెపోటు ఎలా ఉంటుందో తెలియక కాదు. తెలిసింది తనకు వర్తించదని మనసు అడ్డుపడుతోంది. సైకాలజీలో దీన్ని 'డినయల్' అంటారు, తెలుగులో నిరాకరణ అనొచ్చు. భయాన్ని తట్టుకోవడానికి మనసు వాడే ఎత్తుగడల గురించి అన్నా ఫ్రాయిడ్ 1936లోనే పుస్తకం రాసింది, అందులో ఇదీ ఒకటి. ఇది అబద్ధం లాంటిది కాదు. అబద్ధమాడేవాడికి నిజమేంటో తెలుసు. ఇక్కడ మనిషి ముందు తనను తాను నమ్మించుకుంటాడు.

గుండెకు మాత్రం ఇవేవీ పట్టవు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే అరగంట అటూ ఇటూగా కండరం చచ్చిపోవడం మొదలవుతుంది, గంటలు గడిచేకొద్దీ అది పాకుతూ పోతుంది. గ్యాస్ మాత్ర పనిచేస్తుందేమోనని చూసిన గంట, ఆ కండరంలోంచి పోయిన గంటే.

ఇంతవరకూ ఎవరైనా ఊహించేదే. అదే మనిషి ఐసీయూ చేరాక జరిగేదే ఆశ్చర్యంగా ఉంటుంది. 1968లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టర్లు థామస్ హాకెట్, నెడ్ కాసెమ్, వాళ్ల సహచరుడు కలిసి గుండె జబ్బుల ఐసీయూలో ఉన్న 50 మందిని పరిశీలించారు. ఒంటినిండా వైర్లు, పక్కన మానిటర్ చప్పుడు. అయినా వాళ్లలో కొందరు "భయమా? నాకా?" అన్నారు. ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా భయపడ్డామని ఒప్పుకోలేదు. ఇలాంటివాళ్ల మీద ఆ తర్వాత కూడా పరిశోధనలు సాగాయి. 1987లో వచ్చిన ఒకటి నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. నిరాకరణ ఎక్కువగా ఉన్నవాళ్లు ఐసీయూలో తక్కువ రోజులే ఉన్నారు, గుండె పనితీరులో ఇబ్బందులూ తక్కువే. కానీ డిశ్చార్జ్ అయ్యాక ఏడాది పాటు గమనిస్తే లెక్క తిరగబడింది. డాక్టర్ చెప్పినవి సరిగా పాటించనిది వాళ్లే, మళ్లీ ఆస్పత్రిలో ఎక్కువ రోజులు గడిపిందీ వాళ్లే.

ఒకే అలవాటు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు పనిచేసింది? భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, బీపీ ఎక్కుతుంది. అసలే దెబ్బతిన్న కండరానికి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాల్సి వస్తుంది. టెన్షన్ లేనివాడి గుండెకు ఆ భారం ఉండదు. పైగా ఐసీయూలో రోగి చేయాల్సిందేమీ లేదు, అంతా నర్సులూ డాక్టర్లే చూసుకుంటారు. "నాకేం కాదు" అనుకుంటూ పడుకున్నా పోయేదేమీ లేదు. ఇంటికొచ్చాక మాత్రలు వేసుకోవాల్సింది, సిగరెట్ మానాల్సింది, నొప్పి వస్తే పరుగెత్తాల్సింది తనే. అక్కడ అదే మాటకు మూల్యం చెల్లించాలి.

క్యాన్సర్ విషయంలో కథ కాస్త వేరే. 1979లో బ్రిటన్‌లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన మహిళలను ఐదేళ్లు గమనించిన ఒక చిన్న అధ్యయనంలో, పోరాడతామన్నవాళ్లు, జబ్బును అసలు ఒప్పుకోనివాళ్లు మిగతావారికన్నా మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది. "ధైర్యంగా ఉంటే క్యాన్సరే పారిపోతుంది" అనేవాళ్లకు ఇది బాగా నచ్చింది. 1999లో 578 మందితో మళ్లీ చూస్తే పోరాట పటిమకూ ఆయుష్షుకూ సంబంధం కనబడలేదు. పూర్తిగా నిస్సహాయంగా అనిపించినవాళ్ల పరిస్థితి మాత్రం కొంత అధ్వాన్నంగా ఉంది. నాకైతే ఇది మంచి వార్తే. జబ్బు ముదిరినవాళ్లతో "నువ్వు గట్టిగా పోరాడలేదు" అనే హక్కు ఎవరికీ లేదని తేలింది.

నిరాకరణకు పొరలుంటాయని 1972లో ఆవరీ వైజ్‌మన్ అనే సైకియాట్రిస్ట్ రాశాడు. మొదటిది జబ్బునే కాదనడం. రెండోది జబ్బును ఒప్పుకుని, దాని పర్యవసానాన్ని కాదనడం: "షుగర్ ఉంది నిజమే, నా కిడ్నీలకేం కాదులే." మూడోది చావును కాదనడం. రెండోదాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఆ మనిషి రిపోర్టులన్నీ ఫైల్లో పెట్టుకునే తిరుగుతుంటాడు.

దీంతో కలగాపులగం చేయకూడనిది ఇంకోటుంది. మెదడు కుడివైపు దెబ్బతిని పక్షవాతం వచ్చిన కొందరు, కదలని ఎడమ చేతిని చూపిస్తూ "బాగానే ఉందిగా" అంటారు. 1914లో ఫ్రాన్స్‌కు చెందిన నరాల డాక్టర్ బాబిన్‌స్కీ దీనికి 'అనోసోగ్నోసియా' అని పేరు పెట్టాడు. అది మనసు ఆడే ఆట కాదు, మెదడుకు తగిలిన దెబ్బ. వాళ్లతో వాదించి ఒప్పించలేం.

వైజ్‌మన్ గమనించిన మరో సంగతి, తెలిసీ తెలియని స్థితి. ముదిరిన జబ్బుతో ఉన్న మనిషి పొద్దున కొడుకును పిలిచి ఇల్లు ఎవరి పేర రాయాలో చెబుతాడు. సాయంత్రానికి వచ్చే ఏడాది మేడ మీద గది వేయిద్దామంటాడు. కొడుక్కి ఏం చెప్పాలో తోచదు. రెండు మాటల్లో ఏదీ నాటకం కాదు. పొద్దున కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవచ్చు. సాయంత్రం, కిటికీ ఏ వైపు పెడదామని అడగొచ్చు.