నేలలో భాస్వరం ఉంది, వేరుకు అందడం లేదు

ఖరీఫ్ వచ్చిందంటే కర్నూలు, నంద్యాల వైపు రైతుకు డీఏపీ ఎరువు దొరుకుతుందో లేదోనన్న టెన్షన్ మొదలవుతుంది. 50 కిలోల బస్తాలో భాస్వరం 23 కిలోలు, నత్రజని 9 కిలోలు. రాతి ఖనిజంగానో, తయారైన ఎరువుగానో అందులో చాలా భాగం మొరాకో, జోర్డాన్ లాంటి దేశాల నుంచి రావాల్సిందే. అంత దూరం నుంచి తెచ్చి వేసిన భాస్వరంలో ఆ ఏటి పంట తీసుకునేది మామూలుగా ఐదో వంతుకు మించదు.

మిగిలింది నేలలోనే ఉంటుంది. కేసీ కాలువ కింది నల్లరేగళ్లలో సున్నం ఎక్కువ. అలాంటి మట్టి పిడికెడు తీసుకుని పలుచని ఆమ్లం పోస్తే బుసబుసా పొంగుతుంది. భాస్వరం ఆ సున్నంతో కలిసి గట్టిపడుతుంది, వేరు పీల్చుకోలేదు. జింకుదీ దాదాపు ఇదే కథ. నాటిన రెండు మూడు వారాలకు వరి లేత ఆకుల మొదట్లో నడిమి ఈనె తెల్లబడుతుంది, ముదురాకుల మీద తుప్పు మచ్చలు లేస్తాయి. వరిలో ఈ బాధ జింకు లోపం వల్లేనని 1966లో పంత్‌నగర్‌లో శాస్త్రవేత్త వై.ఎల్. నేనె తేల్చారు. పైరు ఎర్రబడిందని ఇంకో బస్తా డీఏపీ వేస్తే జింకు మరింత అందకుండా పోతుంది. తెలియక ఇలా నష్టపోతున్న రైతులను చూస్తే బాధేస్తుంది.

ఆ 1966లోనే ఐఆర్-8 అనే పొట్టి వరి రకం వచ్చింది. పొట్టి రకాలు ఎరువు వేసినా పడిపోవు, గింజ బాగా పడుతుంది. దేశం ఆకలి తీర్చిన ఘనత వాటిది, అందులో సందేహం లేదు. కానీ ఎరువు నిండుగా వేసిన మళ్లలోనే ఆ రకాల ఎంపిక జరిగింది. కంకి చూశారు, వేరు చూడలేదు. ఎరువు లేకున్నా బతికే గుణం ఎవరికీ అక్కర్లేకపోయింది. పైగా పొట్టిదనాన్ని ఇచ్చిన జన్యు మార్పే నత్రజని తీసుకునే శక్తినీ తగ్గించిందని 2018లో చైనా పరిశోధకులు చూపించారు. 2010 నుంచి ప్రభుత్వం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద పట్టు సడలించి, నత్రజని ఎరువైన యూరియా ధరను మాత్రం కదలనివ్వకపోవడంతో యూరియా వాడకం ఇంకా పెరిగింది.

వదిలేసిన గుణం పాత రకంలోనే దొరికింది. భాస్వరం తక్కువైనా తట్టుకునే శక్తి కసలత్ అనే మన దేశపు పాత వరిలో ఉందని ముందే గుర్తించారు. దానికి కారణమైన పీఎస్‌టాల్1 జన్యువును 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ బృందం పట్టుకుంది. అది మొక్క లేతగా ఉన్నప్పుడే వేళ్లను గుబురుగా పెంచుతుంది. నేటి రకాలు చాలావాటిలో ఆ జన్యువు లేదు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ కూడా భాస్వరం తక్కువ నేలల కోసం రకాలు విడుదల చేసింది.

జొన్న ఇంకో దారి చూపింది. దాని వేళ్ల నుంచి సార్గోలియోన్ అనే నూనెలాంటి పదార్థం ఊరుతుంది. నత్రజనిని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులను అది అదుపు చేస్తుంది. దాంతో నత్రజని త్వరగా కొట్టుకుపోదు.

అయితే వేరు గుబురైనంత మాత్రాన సున్నం కరగదు. భాస్వరం తక్కువ నేలలో నెగ్గిన రకం, భాస్వరం ఉండీ చిక్కుబడిపోయిన మన రేగడిలో ఎలా ఉంటుందో ఇక్కడే పండించి చూడాలి. నంద్యాల పరిశోధన స్థానం 1906 నుంచి ఈ నేలల మధ్యే ఉంది. డీఏపీ సగానికి తగ్గించి, రైతుల మళ్లలోనే ఈ రకాలను సోనా మసూరి పక్కన పెట్టి దిగుబడి తూచి చూపాలి. రైతు అడిగేది ఆ లెక్కే.