కాచకముందే బీరు రుచి

చారు మరుగుతుంటే గరిటెతో కాస్త తీసి, అరచేతిలో చుక్క వేసుకుని నాలుకకు తగిలిస్తాం. ఉప్పు చాలకపోతే వేస్తాం, పులుపు ఎక్కువైతే బెల్లం ముక్క పడేస్తాం. ఇంట్లో బీరు కాచేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఇవాళ వేసిన దినుసు సంగతి మూడు నాలుగు వారాలకు గానీ బయటపడదు, అప్పటికి ఇరవై లీటర్లూ సీసాల్లోకి ఎక్కేసి ఉంటాయి. అందుకే వాళ్లు దినుసులను ముందే రుచి చూస్తారు. చిక్కల్లా, ఆ రుచులన్నిటినీ నమ్మలేం.

అమెరికాలో ఇది పెద్ద హాబీ. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ వాళ్లు వస్తారు. కాబట్టి ఇక్కడున్నవాళ్లు దీన్ని చదువుకుని వదిలేయండి.

ముందు మాల్ట్. రాగి మాల్ట్ చేసుకునే ఇళ్లకు ఇది కొత్తేం కాదు: గింజ నానబెట్టడం, మొలకెత్తించడం, ఆరబెట్టడం. ఇక్కడ రాగుల బదులు బార్లీ. నాలుగు గింజలు నమిలితే చాలా తెలుస్తుంది. లేత రంగు మాల్ట్ బిస్కెట్‌లా, క్యారమెల్ మాల్ట్ పాకంలా, నల్లగా వేయించింది కాఫీ గింజలా ఉంటుంది. గింజ కరకరలాడకుండా మెత్తగా సాగిందంటే తేమ పట్టిందన్నమాట. కానీ నమిలినప్పుడు పొట్టు కూడా నోట్లోకి వస్తుంది, పైగా వేడినీళ్లలోకి ఏ రుచి దిగుతుందో తెలియదు. దీనికోసం అమెరికా బ్రూయింగ్ రసాయనవేత్తల సంఘం ఒక పద్ధతి పెట్టింది. 50 గ్రాముల మాల్ట్‌ను పొడి చేసి, 65 డిగ్రీల వేడి ఉన్న 400 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, ఫ్లాస్కులో 15 నిమిషాలు ఉంచి వడగట్టడమే. టీ పెట్టడం వచ్చినవాళ్లకు ఇదీ వచ్చినట్టే.

ఆ కషాయం తియ్యగా ఉంటుంది. ఆ తీపిని మాత్రం నమ్మకూడదు. పిండి పదార్థం చక్కెరగా మారి వచ్చిన తీపి అది, రసాన్ని పులియబెట్టి బీరు చేసే ఈస్ట్ అందులో చాలా భాగం తినేస్తుంది. తీపిని పక్కనపెట్టి దాని వెనకున్న వేపుడు వాసనను పట్టుకోవాలి, బీరులో మిగిలేది అదే. ఇది మొదట్లో కష్టం. నాకైతే మూడు నాలుగు కప్పుల దాకా బార్లీ పాయసం తాగుతున్నట్టే ఉండింది.

బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్‌ది ఇంకో తంతు. ఈ పువ్వును అరచేతుల్లో గట్టిగా నలిపితే లోపలి పసుపు పొడి చిట్లి నూనెలు వాసనకొస్తాయి. ఆ నూనెల్లోని మిర్సీన్ మామిడిలోనూ ఉంటుంది, లినలూల్ మన ధనియాల్లో ఉండేదే. వాసన చూడండి గానీ కొరకకండి. ఆ చేదు నాలుకను వదలదు, పైగా అది బీరు చేదు కూడా కాదు. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు మామూలుగా నీళ్లలో సరిగా కరగవు. గంటసేపు మరిగితే వాటి అణువుల అమరిక మారి, కరిగే చేదుగా తయారవుతాయి. కాబట్టి చేదుకు లెక్కలు వేసుకోవాలి, వాసనకు ముక్కును నమ్మాలి. మరీ దగ్గరగా తెలుసుకోవాలంటే ఏ ఘాటూ లేని లాగర్ రకం బీరు సీసా మూత తీసి, నాలుగైదు హాప్ గుళికలు (పొడి చేసి అదిమిన హాప్స్) వేసి, వెంటనే మూత బిగించి కొన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంచాలి. "వెంటనే" అన్నది ఊరికే అనలేదు. గుళిక తగిలిన బీరు సోడాలా ఎగదన్నుతుంది, ఆలస్యం చేస్తే టేబుల్ తుడుచుకోవాల్సిందే.

ఇక ధనియాలు. బెల్జియం గోధుమ బీరులో నారింజ తొక్కతో పాటు వీటిని వేస్తారు. వేయించకూడదు, వేయిస్తే సాంబారు గుర్తొస్తుంది. పచ్చివి కచ్చాపచ్చాగా దంచి, వోడ్కాలో కొన్ని రోజులు నానబెట్టి, వడగట్టి ఆ సారాన్ని డ్రాపర్‌తో బీరులో కలిపి చూస్తారు. 100 మిల్లీలీటర్లకు 0.2 మిల్లీలీటర్లు సరిపోయిందనుకుంటే 20 లీటర్లకు 40 కావాలి. అన్ని దినుసుల్లో లెక్క ఇంత సూటిగా కుదిరేది దీనికే, ఎందుకంటే సారాన్ని చివర్లో కలుపుతాం, మరిగించేది లేదు. "సరిపోయింది" అన్న మాటనూ పరీక్షించాలి. మూడు గ్లాసుల్లో రెండు ఒకటే, మూడోది వేరు. చూడకుండా వేరేదాన్ని పట్టుకోవాలి. ఈ పరీక్షను 1940లలో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీలో వాడుకలోకి తెచ్చారు. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి గెలిచి మురిసిపోకూడదు.

ఈస్ట్ దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతులేవీ పనిచేయవు. పొడి ఈస్ట్ నాకితే బ్రెడ్ వాసన తప్ప ఏమీ ఉండదు. అదే జర్మన్ గోధుమ బీరులో పడితే, కుండలో అరటిపండు లేకుండానే ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థం తయారై అరటిపండు వాసన వస్తుంది. గింజలోని ఫెరులిక్ ఆమ్లం నుంచి లవంగం ఘాటు పుట్టిస్తుంది. ఇల్లు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కినా ఈ రెండిటి పాళ్లు మారతాయి. ఈస్ట్ హాప్స్‌ను కూడా వదలదు, గులాబీ వాసననిచ్చే జెరానియాల్‌లో కొంత భాగాన్ని నిమ్మవాసననిచ్చే సిట్రొనెలాల్‌గా మార్చేస్తుంది. అంత జాగ్రత్తగా నలిపి చూసిన హాప్ వాసన చివరికి గ్లాసులో వేరుగా తేలుతుంది. కాచిన రసాన్ని రెండు జాడీల్లో పోసి, చెరో రకం ఈస్ట్ వేసి, నెల తర్వాత పక్కపక్కన పెట్టుకు తాగడమే దీనికున్న దారి. అంటే ఈస్ట్ రుచి ముందే తెలుసుకోవాలన్నా బీరు కాచాల్సిందే.